రోబో అంటే వెట్టోడు: 1950ల వింతల సినిమాల్లో మన జాడ

రోబో అనే మాట ఇవాళ బడి పిల్లలకూ తెలుసు. ఆ మాట ఎట్లా పుట్టిందో చాలామందికి తెలియదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్.యు.ఆర్.’ అనే నాటకం రాశాడు. మనుషుల పనులన్నీ చేసిపెట్టడానికి ఒక ఫ్యాక్టరీలో తయారైన కృత్రిమ జీవుల కథ అది. ఆ జీవులకు ఏం పేరు పెట్టాలని వెతుకుతుంటే అతని అన్న యోసెఫ్ ఒక మాట అందించాడు. చెక్ భాషలో ‘రోబోత’ అంటే దొర పొలంలో కూలి లేకుండా చేయాల్సిన చాకిరి. దానికి నల్గొండ జిల్లాలో ఉన్న మాట వెట్టి. అంటే రోబో అన్నా వెట్టోడన్నా ఒక్కటే.

మాది మోతె. సూర్యాపేట నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ఉంటుంది. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడేదాకా నల్గొండ జిల్లాలోనే ఉండేది. ఈ నేల మీద నిజాం కాలంలో వెట్టి ఎట్లా నడిచిందో కొత్తగా చెప్పనక్కర్లేదు. మాల మాదిగ ఇళ్ల నుంచి ఇంటికొకరు దొర గడీకి పోవాలి. ఉత్తరాలు మోయాలి, కట్టెలు కొట్టాలి, అధికారి బండి ముందు ఉరకాలి. చెప్పులు, తోలుతాళ్లు, మోట బొక్కెనలు ఊరికే కుట్టి ఇయ్యాలి. కుమ్మరి, చాకలి, మంగలి ఎవరి వంతు వాళ్లు చేయాలి. పని చేసినోడి పేరు ఎక్కడా ఉండదు. పని అయిపోయినాక వాడు గడీ ఆవరణలో కనపడగూడదు.

‘రోబో’ మాటకు ఈ అర్థం తెలిసినాక సైన్స్ ఫిక్షన్ సినిమాను మామూలుగా చూడలేం. తెర మీద దళితుడి ముఖం ఉందా లేదా అని వెతకడం మొదటి మెట్టు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది. ఆ సినిమా కలగన్న లోకంలో పని ఎవరు చేస్తున్నారు? చేసినోళ్లకు ఆ లోకంలో ఇల్లుందా? 1950ల సినిమాలను, అక్కడి రాకెట్ల కథలనూ మన మాయల కథలనూ, ఈ ప్రశ్నతో చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

అమెరికా రాకెట్‌లో ఎక్కిందెవరు?

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక అమెరికాలో సైన్స్ ఫిక్షన్ సినిమాలు వరుసగా వచ్చాయి. 1951లో వచ్చిన ‘వెన్ వరల్డ్స్ కొలైడ్’ కథ ఇది: ఇంకో గోళం వచ్చి భూమిని గుద్దబోతోంది. కొద్దిమందిని ఎక్కించుకుని ఒక రాకెట్ కొత్త గ్రహానికి పోవాలి. ఎవరు పోవాలో చీటీలు తీస్తారు. చీటీ అంటే అందరికీ సమానమే కదా అనిపిస్తుంది. తీరా కొత్త గ్రహం మీద దిగినోళ్లను చూస్తే అందరూ తెల్లవాళ్లే. చీటీల డబ్బాలోకి ఎవరి పేర్లు చేరాయో ముందే తేలిపోయిందన్నమాట. మెరిట్ పేరుతో మనతో వాదించేవాళ్లకు ఈ డబ్బా సంగతి గుర్తుచేయాలి. పోటీ మొదలయ్యే చోట కాకుండా, పోటీలోకి రానిచ్చే చోటనే వడపోత జరుగుతుంది.

1956లో ‘ఫర్బిడెన్ ప్లానెట్’ వచ్చింది. అందులో రాబీ అనే రోబో అందరికీ ముద్దొస్తుంది. అది వంట చేస్తుంది, బట్టలు తెస్తుంది, అడిగితే సారా కూడా తయారు చేస్తుంది. ఎదురు చెప్పదు. ఓడలో వచ్చిన సిబ్బంది మొత్తం తెల్ల మగవాళ్లు. నల్లమనిషి ఆ ఓడలో లేడు. అయితే అమెరికాలో నల్లమనిషి చేత చేయించుకున్న ఇంటి చాకిరి మాత్రం ఇనుప ఒళ్లు తొడుక్కుని వచ్చింది. మనిషిని తీసేసి చాకిరిని ఉంచుకోవడమే ఆ కలలోని సుఖం.

అదే సినిమాలో ఇంకో సంగతుంది. ఆ గ్రహం మీద ఒకప్పుడు క్రెల్ అనే గొప్ప జాతి బతికింది. పనిముట్టు పట్టకుండా, చేయి కదపకుండా, తలచుకుంటే చాలు అన్నీ జరిగిపోయే యంత్రం కట్టుకుంది. ఆ రాత్రే ఆ జాతి నాశనమైపోయింది. ఎందుకంటే వాళ్ల మనసు అడుగున దాచుకున్న మృగాలకు కూడా ఆ యంత్రం ఒళ్లు ఇచ్చింది. శ్రమను తుడిచేయాలనుకున్న నాగరికత తన మృగానికే బలైంది. హాలీవుడ్ ఈ మాట తెలిసి చెప్పిందో తెలియక చెప్పిందో గానీ, శ్రమను అంటరానిది చేసిన మన దేశానికి అది బాగా వర్తిస్తుంది.

1955లో వచ్చిన ‘దిస్ ఐలాండ్ ఎర్త్’లో ఇది ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. మెటలూనా గ్రహం దొరలు నీచమైన పనుల కోసమే ఒక పురుగులాంటి జాతిని పెంచుకున్నారు. మన మనుధర్మం పుట్టుకతో చేసిన పనినే ఆ గ్రహం వాళ్లు ప్రయోగశాలలో చేశారు.

నల్ల నటుడు ముఖ్యపాత్రలో నిలబడ్డది 1959 నాటి ‘ద వరల్డ్, ద ఫ్లెష్ అండ్ ద డెవిల్’లో. హ్యారీ బెలఫోంటే అందులో బొగ్గుగనిలో చిక్కుకుపోయి బతికి బయటపడ్డ మనిషి. పైకి వచ్చి చూస్తే లోకం ఖాళీ. న్యూయార్కులో ఒక తెల్ల స్త్రీ మాత్రం మిగిలింది. సమాజం లేదు, పోలీసు లేడు, చర్చి లేదు. అయినా ఇద్దరి మధ్య ఆ గీత చెరగలేదు. మనుషులంతా పోయినా వివక్ష బతికే ఉంటుందని చూపించినందుకు ఆ సినిమాను మెచ్చుకోవాలి. ఆ గీత దాటే ధైర్యం చేయనందుకు విమర్శించాలి.

సోషలిస్టు దేశాలు ఇంకో దారి పట్టాయి. తూర్పు జర్మనీ, పోలండ్ కలిసి 1960లో తీసిన ‘సైలెంట్ స్టార్’లో శుక్రగ్రహానికి పోయే ఓడ నిండా లోకంలోని అన్ని జాతులూ ఉన్నాయి. ఆఫ్రికా మనిషి ఉన్నాడు, చైనా మనిషి ఉన్నాడు, జపాన్ డాక్టరమ్మ ఉంది, సికర్ణ అనే భారతీయ గణిత శాస్త్రవేత్త కూడా ఉన్నాడు. అమెరికా రాకెట్ కంటే ఇది ఎంతో నయం. ఆఫ్రికా పాత్రను జూలియస్ ఒంగేవే అనే ఆఫ్రికా యువకుడే వేశాడు. భారతీయుడి పాత్ర మాత్రం కుర్ట్ రాకెల్మాన్ అనే జర్మన్ నటుడు వేశాడు. చివరికి తిరుగు ప్రయాణంలో ఆఫ్రికా మనిషి, చైనా మనిషి ఓడలో లేరు. కుర్చీ దొరికినంత మాత్రాన తిరుగు టికెట్టు దొరికినట్టు కాదని ఈ సినిమా చెప్పకుండానే చెప్పింది.

మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి మిగిలే ఉంది. ఓడలో భారతీయుడు ఉన్నాడు సరే, ఏ భారతీయుడు? బయటి లోకం ‘ఇండియన్’ అన్నప్పుడల్లా వాళ్ల కళ్ల ముందు నిలిచేది చదువుకున్న పైకులం పండితుడే. ఇక్కడి ఊరూ వాడా అక్కడికి చేరేసరికి ఒకే దేశమైపోతాయి.

మన దగ్గర రాకెట్ బదులు మాయ

1950లలో తెలుగులో రాకెట్ సినిమాలు రాలేదు. తమిళంలో 1963లో ‘కలై అరసి’ వచ్చింది. వేరే గ్రహం వాళ్లు భూమికి వచ్చి, తమకు సంగీతం నేర్పాలని భానుమతి పాత్రను ఎత్తుకుపోతారు. హిందీలో 1967లో దారాసింగ్ చంద్రుడి మీదికి పోయాడు. మన తెలుగులో ఆ కోరిక వేరే బట్ట కట్టింది. ఎగిరే మంచం, మాట్లాడే విగ్రహం, దూరాన ఉన్నోళ్లను చూపించే పెట్టె, ఒక్క రాత్రిలో లేచే పట్నం: వీటిని మనం జానపదం, పౌరాణికం అని పిలిచాం. సైన్స్ ఫిక్షన్ చేసే పని కూడా ఇదే. లేని పనిముట్టును ఊహించడం, అది ఉంటే సమాజం ఎట్లా ఉంటుందో చూపించడం. అందుకే ఈ సినిమాలను ఆ వరసలో పెట్టి చదువుతున్నాను.

కె.వి. రెడ్డి దర్శకత్వంలో విజయా సంస్థ తీసిన ‘పాతాళభైరవి’ 1951 మార్చిలో వచ్చింది. హీరో తోట రాముడు తోటమాలి కొడుకు. రాజకుమార్తెను ప్రేమిస్తాడు. తన అంతస్తుకు తగిన సంపద తెచ్చుకుంటేనే పిల్లనిస్తానంటాడు రాజు. మాంత్రికుడి వెంట పోయి, వాడిని గెలిచి, కోరినవన్నీ ఇచ్చే విగ్రహాన్ని తెచ్చుకుంటాడు రాముడు. అడగ్గానే మేడ లేస్తుంది. పేదోడికి పెద్దింటి తలుపు తెరిచినందుకు నేలక్లాసు జనం ఈ సినిమాను గుండెకు హత్తుకున్నారు. అందులో తప్పు లేదు.

కాలం మాత్రం గమనించాలి. తోట రాముడు తెర మీద మేడ కోరుకుంటున్న ఆ 1951లోనే మన నల్గొండలో సాయుధ పోరాటం చివరి రోజుల్లో ఉంది. ఆ ఏడాది అక్టోబర్‌లో దాన్ని విరమించారు. ఇక్కడి కూలి రైతు అడిగింది మేడ కాదు, భూమి. వెట్టి వద్దన్నాడు. తెర మీది పేదోడికి విగ్రహం ఇచ్చింది. బయటి పేదోడికి ఎవరూ ఇయ్యలేదు, తానే గుంజుకున్నాడు, గుంజుకున్నదాంట్లో చాలా భాగం మళ్లీ పోగొట్టుకున్నాడు. ఇంకో సంగతి, తోట రాముడు పేదోడే గానీ అంటరానోడు కాదు. తోటమాలి రాజు తోటలోకి పోగలడు. మాదిగోడు ఆ తోట గోడ దాకా కూడా పోలేడు. అప్పటి మాయకు కూడా అంత బలం లేదు.

మాయాబజార్ కట్టిందెవరు?

‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అయిదు నెలలు కాలేదు. అంబేద్కర్ చనిపోయి నాలుగు నెలలు కాలేదు. దర్శకుడు కె.వి. రెడ్డి, మాటలు పింగళి నాగేంద్రరావు, కెమెరా మార్కస్ బార్ట్‌లే, కళ గోఖలే, కళాధర్. తెలుగోళ్లు అన్ని కాలాల్లోనూ మెచ్చుకున్న సినిమా ఇది. నేనూ మెచ్చుకున్నాను, ఇప్పటికీ టీవీలో వస్తే కూర్చుంటాను. మా నాయన నేల టికెట్టు మీద కూర్చుని చూసినోడు. కాబట్టి ఇది గిట్టక రాసేది కాదు. ప్రేమించిన సినిమాలో మనం ఎక్కడున్నామో వెతకడం.

సినిమాలో వింత వస్తువులు రెండు రకాలు. ఒకటి ద్వారక అంతఃపురంలో ఉండేవి. ప్రియదర్శిని అనే పెట్టె తెరిస్తే ఎవరికి ఇష్టమైనోళ్లు వాళ్లకు కనిపిస్తారు. శశిరేఖ అందులో అభిమన్యుణ్ణి చూసుకుంటుంది. ఇవాళ్టి వీడియో ఫోనును 1957లోనే ఊహించారని మనం గొప్పగా చెప్పుకుంటాం. రెండోది ఘటోత్కచుడి మనుషుల దగ్గర ఉండే విద్య. ఆకారం మార్చుకోవడం, మంచంతో సహా మనిషిని ఎత్తుకుపోవడం, పట్నం కట్టడం. రాజుల దగ్గర వస్తువు ఉంది, అడవివాళ్ల దగ్గర పనితనం ఉంది. పెట్టె ఎవరు చేశారో కథ చెప్పదు. పట్నం ఎవరు కట్టారో మాత్రం చూపిస్తుంది, నవ్విస్తూ చూపిస్తుంది.

పెళ్లికి వచ్చే కౌరవుల విడిది కోసం చిన్నమయ్య, లంబు, జంబు ఖాళీ నేల మీద రాత్రికి రాత్రే ఒక నగరం నిలబెడతారు. మేడలు, అంగళ్లు, పానుపులు, విందులు. కూలి మాట లేదు. ఆ నగరంలో వాళ్లకు ఇల్లు లేదు. అతిథులకు స్వాగతం పలికే సేవకులుగా, సరుకులమ్మే వాళ్లుగానే అందులో తిరుగుతారు. పెళ్లి పని అయిపోయినాక నగరమూ ఉండదు, వాళ్లూ ఉండరు. గడీలో పెళ్లి జరిగితే మన వాడల నుంచి పోయి పందిరి వేసి, కట్టెలు కొట్టి, నీళ్లు మోసి, డప్పు కొట్టి, తెల్లారేసరికి కనపడకుండా పోయినోళ్లను చూసిన ఊళ్లకు ఈ మాయ కొత్తది కాదు. దొర దృష్టిలో వెట్టి అంటేనే మాయ. చేసినోడు కనపడడు, పని మాత్రం అయిపోయి ఉంటుంది.

ఇక భాష సంగతి. చిన్నమయ్య ఆశ్రమంలో శిష్యులకు పాఠం చెప్పే దృశ్యం ఉంది. ‘దుష్టచతుష్టయం’ అనమంటే వాళ్లకు నోరు తిరగదు. ఒత్తులు విరిగిపోతాయి. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు నాకు బడిలో కూడా వినపడింది. ‘ష’ పలకమంటే నేను ‘స’ పలికిన ప్రతిసారీ ఒక పంతులు తరగతి మొత్తాన్ని నవ్వించేవాడు. వాడ నుంచి వచ్చినోళ్లం ముగ్గురం ఉండేది. నేనొక్కణ్ణే పదో తరగతి దాకా పోయాను. ఆ నవ్వు ఒక్కటే కారణమని అనను. అది మాత్రం కారణం కాదని కూడా అనలేను.

అయితే ఇక్కడే పింగళి ఒక మంచి పని చేశాడని ఒప్పుకోవాలి. పలకడం రానోళ్లని నవ్విన సినిమాలోనే ఆ అడవి మనుషులకు మాటలు పుట్టించే హక్కు ఇచ్చాడు. మనల్ని కిందపడేసే తల్పం గిల్పం అయింది, చుట్టేసే కంబళి గింబళి అయింది. మాట ఎవరో ఒకరు పుట్టించకపోతే ఎట్లా పుడుతుందని ఘటోత్కచుడు అడిగి, కొత్త మాట పుట్టించినోడికి వీరతాళ్లు వేయమంటాడు. సంస్కృతం పలకలేనోడు తెలుగుకు కొత్త మాటలిచ్చాడు. పండితుల నిఘంటువును పక్కనబెట్టి మన వాడ భాషలో కథలు, కవితలు రాసుకోవడానికి మనకు ఇంకో మూడున్నర దశాబ్దాలు పట్టింది. ఆ వీరతాళ్లను నేను వదులుకోదలచుకోలేదు.

విందు దృశ్యం ఇంకా లోతైనది. పెళ్లివారి కోసం వండిన వంటకాలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే కూర్చుని లాగిస్తాడు. ఊరి పెళ్లిళ్లలో చివరి బంతికి, అదీ దూరంగా, అదీ మిగిలితే, ఆకు వేయించుకున్న జనం ఆ దృశ్యం చూసి ఎందుకు అంతగా చప్పట్లు కొట్టారో నాకు అర్థమవుతుంది. మా నాయన మాట ఇది: “ఆ ఒక్కనాడు మనోడు మొదటి బంతికి తిన్నడు.” కానీ గమనించండి, తిన్నది తలుపులు మూసుకుని. నలుగురి మధ్య కూర్చుని తినే హక్కు మాయాలోకంలోనూ రాలేదు.

మాయా శశిరేఖ ఇంకో మెట్టు ఎక్కుతుంది. అడవి మనిషి రాజకుమార్తె ఒళ్లు తొడుక్కుని పెళ్లిపీటల మీద కూర్చుంటాడు. సావిత్రి నటనలో ఆడపిల్ల రూపం లోపలి నుంచి మగ రాక్షసుడి దర్జా బయటపడుతుంటుంది. వరుడు లక్ష్మణకుమారుడు చేయి పట్టుకుంటే భయంతో వణికిపోతాడు. ఒళ్లు చూసి కులం చెప్పగలమనుకునే సమాజానికి ఇది పెద్ద వెక్కిరింత. ముట్టుకుంటే మైల అనుకునేవాళ్లు తెలియకుండానే ముట్టుకున్నారు, ఆకాశం విరిగి పడలేదు. అమెరికా సినిమా బెలఫోంటే చేత దాటించలేని గీతను మన సినిమా వేషం వేసి దాటించింది. వేషం తీసేసినాక మాత్రం గీత మళ్లీ అక్కడే ఉంది.

చివరి దృశ్యం చూడండి. పట్నం కట్టింది అడవి మనుషులు, శశిరేఖను తెచ్చింది ఘటోత్కచుడు, కౌరవులను తరిమింది ఘటోత్కచుడు. తీరా మెచ్చుకోబోతే ఇదంతా కృష్ణుడి లీలే అని అతను చేతులు జోడిస్తాడు. పని మనది, పేరు వాళ్లది. ఇంతకంటే సూటిగా కుల వ్యవస్థ లెక్క ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. సినిమా అక్కడ ఆగుతుంది గానీ భారతం ఆగదు. కురుక్షేత్రంలో కర్ణుడి శక్తి ఆయుధం అర్జునుడికి తగలకుండా ఘటోత్కచుణ్ణి ముందుకు తోస్తారు. అతను చస్తే పాండవులు ఏడుస్తారు, కృష్ణుడు సంతోషిస్తాడు. పెళ్లి చేసిపెట్టినోడి గతి అది.

రాక్షసులంటే ఎవరు?

ఘటోత్కచుణ్ణి దళితుడనడం అతికించినట్టు లేదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే, ఘటోత్కచుడు కథలో దళితుడు కాదు, భీముడి కొడుకు. నేను చెప్పేది పాత్ర కులం గురించి కాదు, పాత్రకు ఇచ్చిన చోటు గురించి. అయినా ఈ చదువు నేను కొత్తగా మొదలుపెట్టింది కాదు. జోతిబా ఫూలే 1873లోనే ‘గులాంగిరి’లో అవతారాల కథలను దండయాత్రల కథలుగా చదివాడు, బలిని మూలవాసుల రాజుగా నిలబెట్టాడు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ నాయకత్వంలో పంచములనే పేరు కాదని ఆది ఆంధ్రులనే పేరు తీసుకున్నారు. ఈ నేలకు మొదటి మనుషులం మేమేనన్నారు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూక వధ’ నాటకం రాశాడు. అంటే ‘మాయాబజార్’ వచ్చేనాటికే పురాణాన్ని కింది నుంచి చదవడం తెలుగు నేల మీద నలభై ఏళ్ల పాతది. సినిమా వాళ్లు ఆ చదువును పక్కనబెట్టి, మూలవాసిని నమ్మకమైన బంధువుగా, నవ్వించే బలవంతుడిగా మలిచారు. శంబూకుడి కంటే ఘటోత్కచుడు వాళ్లకు సులువు.

తోలు కూడా సైన్సే

ఇంతకూ మాయ ఎవరిది? మా తాత మోట కుట్టేవాడు. కరెంటు మోటారు, ఆయిల్ ఇంజను రాకముందు ఇక్కడి బావి సేద్యమంతా మోట మీద నడిచింది. పచ్చితోలును సున్నంలో వేసి వెంట్రుక తీయాలి. తంగేడు చెక్క నానబెట్టిన లందలో రోజుల తరబడి ఊరేయాలి. ఎన్ని రోజులకు తోలు పండుతుందో కంటితో, వేలితో, వాసనతో చెప్పాలి. కుళ్లిపోయే చర్మాన్ని నీళ్లలో నానినా చెడని వస్తువుగా మార్చడం రసాయన శాస్త్రం. తంగేడు చెక్కలోని వగరు పదార్థం చర్మంలోని మాంసకృత్తును పట్టి ఉంచడం వల్లే అది జరుగుతుంది. ఆ తోలుతో బొక్కెన, దానికి తొండం కుట్టి, ఎడ్లు వాలులోకి దిగితే బావిలోని నీళ్లు పైకి వచ్చి కాలువలో పడేటట్టు చేయడం యంత్ర శాస్త్రం. ఈ విద్యకు ఎవరూ వీరతాళ్లు వేయలేదు. వాసనొస్తుందని ఊరవతల పెట్టారు. నీళ్లు మాత్రం ఊరికే పారాయి.

ఊహకు కూడా మన దగ్గర కరువు లేదు. చిందోళ్లు, డక్కలోళ్లు చెప్పే జాంబపురాణం తీసుకోండి. భూమి పుట్టకముందు ఆరు నెలలకే జాంబవుడు పుట్టాడని ఆ కథ మొదలవుతుంది. భూమి లేనప్పుడు మనిషి ఎక్కడ నిలబడ్డాడు, లోకం ఎట్లా పుట్టింది, ఎవరు ముందు అని అది అడుగుతుంది. డక్కలోళ్లు బొమ్మల పటం పరిచి ఆ కథ చెప్తరు. బొమ్మ తర్వాత బొమ్మ, వెంట పాట, మాట. సినిమా అంటే ఇంకేముంది? ఇంత పెద్ద కథను ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో ఎవరూ పెద్ద సినిమాగా తీయలేదు. ఆ కథలో మాదిగోడు చివర చేతులు జోడించి పేరు వేరేవాళ్లకు ఇచ్చి పోడు.

కాలయంత్రం ఎటు పోయింది?

తెలుగులో పేరు పెట్టి సైన్స్ ఫిక్షన్ అని పిలిచిన పెద్ద సినిమా సింగీతం శ్రీనివాసరావు తీసిన ‘ఆదిత్య 369’. 1991 జులైలో వచ్చింది. కాలయంత్రం ఎక్కితే వెనక్కీ పోవచ్చు, ముందుకీ పోవచ్చు. వెనక్కి పోతే 1526లో శ్రీకృష్ణదేవరాయల కొలువు, ముందుకు పోతే 2504లో అణుయుద్ధం తర్వాత భూమి కింద బతికే జనం. పిల్లలూ పెద్దలూ ఆనందించిన సినిమా. కానీ కాలంలో ఎక్కడికైనా పోగలిగిన ఆ యంత్రం రాజు కొలువుకే పోయింది గానీ ఏ వాడ ముందూ ఆగలేదు. ఆ సినిమా హాళ్లలో ఆడుతున్న రోజుల్లోనే, ఆగస్టు 6న, గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. దానికి ఆరేళ్ల ముందు 1985 జులైలో కారంచేడు. పైకులాల ఊహకు కాలయాత్ర అంటే వైభవంలోకి పోవడం. మనకు కాలయాత్ర చేయడానికి యంత్రం అక్కర్లేదు. ఊరు దాటి వాడలోకి నడిస్తే చాలు, పాత శతాబ్దం అక్కడే కూర్చుని ఉంటుంది.

2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పైన తలకిందులైన పిరమిడ్‌లో సుఖపడేవాళ్లు, కింద కాశీలో నీళ్లకూ తిండికీ అల్లాడే జనం. బొమ్మ బలమైనదే. కానీ ఆ కింద ఉన్నోళ్లు ఎవరు, పైకి రానీయని నియమం ఎక్కడి నుంచి వచ్చింది అని సినిమా అడగదు. విముక్తి మళ్లీ ఒక అవతారం కడుపులో నుంచే రావాలి. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ముందుకు పోయినా మనం భారతం దాటలేదు.

మనకు కావాల్సింది

నల్ల అమెరికన్లు ఈ పోరాటంలో మనకంటే ముందున్నారు. 1966లో ‘స్టార్ ట్రెక్’ టీవీ సీరియల్‌లో నిషెల్ నికోల్స్ ఓడలో అధికారిగా కూర్చుంది. ఆమె మానేస్తానంటే మార్టిన్ లూథర్ కింగ్ వద్దని చెప్పాడని ఆమే చెప్పుకుంది. రేపటి లోకంలో మేమూ ఉంటామని పిల్లలు చూడాలన్నది ఆయన మాట సారం. ఆ కుర్చీ మనకూ కావాలి. తెర మీద దళిత శాస్త్రవేత్త, దళిత వ్యోమగామి, మోట కుట్టినోడి మనుమరాలు ఇంజనీరు కావాలి.

అయితే ఒక్క కుర్చీతో ఆగితే తూర్పు జర్మనీ ఓడ కథే అవుతుంది. కుర్చీ ఉంటుంది, తిరుగు టికెట్టు ఉండదు. కథ ఎవరు రాస్తున్నారు, ఆ కథలో బాత్రూం ఎవరు కడుగుతున్నారు, చివర పేరు ఎవరికి పోతోంది అని కూడా అడగాలి. చాపెక్ నాటకంలో రోబోలు చివరికి తిరగబడతాయి. ఆ సంగతి మరిచిపోయి లోకం ఆ పేరు మాత్రం ఉంచుకుంది. మనం తిరుగుబాటును కూడా గుర్తుపెట్టుకోవాలి. ‘వెట్టి చేయం’ అని 1940లలో నల్గొండ ఊళ్లల్లో లేచినోళ్లు చేసింది అదే. 1950లో రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. సినిమా కల మాత్రం నిషేధించలేదు, వేషం మార్చి దాచుకుంది.

‘మాయాబజార్’ను 2010లో రంగుల్లోకి మార్చారు. ఘటోత్కచుడి నగలు మెరిశాయి, ద్వారక మెరిసింది. ఈసారి టీవీలో వచ్చినప్పుడు మీరూ చూడండి, పిల్లలకూ చూపించండి, నవ్వండి. పట్నం లేచే దృశ్యం రాగానే పక్కనున్న పిల్లోణ్ణి ఒక్కటే అడగండి: “ఇది కట్టినోళ్లు రాత్రికి ఏడ పండుకున్నరు?” జవాబు వాడు వెతుక్కుంటడు. వాడు వెతకడం మొదలుపెట్టిన కథే మన సైన్స్ ఫిక్షన్ అయితది.